నేల తరగతి వీరులు: బొంబాయి స్టంటు చిత్రముల కథ

ప్రవాసాంధ్రుల చరిత్రను వ్రాయబూనిన వారు సాధారణముగా దేవాలయములతో మొదలిడుదురు. పిమ్మట పాఠశాలలు, గ్రంథాలయములు, భజన సమాజములు, సంఘ భవనములు, దాతల పేరులు వచ్చును. ఇట్టి సంచికలలో అవి ఉండవలసినవే. వానిని మేమును గౌరవింతుము. కాని మన తాతలు పగలెల్ల మగ్గము ముందు నిలిచి, చెవులు చిల్లులు పడు మోతలో పని చేసి వచ్చిన పిదప, మిగిలిన ఆ రెండు మూడు గంటల కాలమును ఎచ్చట గడపిరి? జీతము చేతికందిన నాడు ఏ వాకిట బారులు తీరిరి? ఈ ప్రశ్నకు మన సంచికలలో సమాధానము దొరకదు. వారు స్టంటు సినిమాకు పోయిరి. ఆ మాట చెప్పుకొనుటకు మనము సిగ్గుపడితిమి. ఆ సిగ్గును కొంత విడిచి, ఆ చిత్రముల చరిత్రను, వానిలో ముసలితనము వరకు కత్తి దూసిన నటుల చరిత్రను ఇచట చెప్పదలచితిమి.

బొంబాయికి మన వారి రాక నిన్నటిది కాదు. నైజాము రాజ్యము నుండి పొట్టకూటికై వచ్చి, ఆ మహానగరమున ఇండ్లు కట్టిన తెలుగు పనివారిని అచ్చటి జనులు కామాఠీలనిరి. పదునెనిమిదవ శతాబ్ది చివరి నుండి వారు నివసించిన వాడకే కామాఠీపుర మను పేరు స్థిరపడెను. బట్టల మిల్లులు వెలసిన పిమ్మట తెలంగాణపు పద్మశాలీలు పరేలు, వర్లీ ప్రాంతములకు వేలుగా వచ్చిరి. మరి కొందరు షోలాపురమునకును, భివండీకిని పోయిరి. కామాఠీపురమునకు ఆనుకొనియే గ్రాంటురోడ్డు నాటకశాలలు ఉండెను. 'ప్లే హౌస్' అను ఆంగ్లపదము జనుల నోట 'పీలా హౌస్' అయి, ఆ పేటకంతకును పేరయ్యెను. ఆ నాటకశాలలే క్రమముగా సినిమా హాళ్లుగా మారినవి. అనగా మన వారు సినిమాను వెదకుకొని పోలేదు. సినిమాయే మన వారి గుమ్మము వద్దకు వచ్చెను.

మా అవ్వ మరాఠీని కూరల బేరమునకు సరిపడినంత మాత్రమే నేర్చినది. హిందీ అంతకన్న తక్కువ. సాంఘిక చిత్రములకు తీసికొనిపోయినచో, "వారేమో మాటలాడుకొందురు, మనమేమో గోడవలె కూర్చుందుము" అనెడిది. కాని ముసుగు ధరించి, గుర్రమెక్కి, కొరడా ఝళిపించు ఆ తెల్ల స్త్రీ చిత్రమనిన వంట ముందుగనే ముగించెడిది. ఆమెను 'హంటరు దొరసాని' యని పిలిచెడిది. దుష్టుడు దెబ్బ తినుటకు వ్యాఖ్యానము అక్కరలేదు గదా! వేరు వేరు భాషల కూలీలు ఒకే నేలపై కూర్చుండి ఒకే క్షణమున ఈల వేయగలిగిన చోటు ఆ హాలు. స్టంటు చిత్రము శ్రామికులను ఆకర్షించుటకు ఇది ముఖ్య కారణమని మా అభిప్రాయము.

ఈ జాతి చిత్రములు మూగ చిత్రముల నాటికే పుట్టినవి. 1925లో స్థాపితమైన శారదా ఫిలిం కంపెనీ సాహస చిత్రములకు ప్రసిద్ధి పొందెను. అందలి నాయకుడు మాస్టర్ విఠల్. కత్తిసామున, గుర్రపు స్వారిలో దిట్ట యగుటచే ఆయనను భారతీయ డగ్లస్ ఫేర్‌బాంక్స్ అనిరి. మరియొక సంస్థకు పోవుచున్నాడని కంపెనీ దావా వేయగా, విఠల్ పక్షమున వాదించినవాడు న్యాయవాది మహమ్మదాలీ జిన్నా. ఆ విఠలే 1931 మార్చి 14న విడుదలైన మన మొదటి టాకీ 'ఆలం ఆరా'కు నాయకుడయ్యెను. కాని ఉర్దూ సంభాషణ ఆయనకు పట్టుబడలేదు. కత్తి పట్టిన చేతికి వచ్చిన కీర్తి నాలుక దగ్గర ఆగిపోయెను. పిమ్మట మరాఠీ చిత్రములలో కొంతకాలము వెలిగి, హిందీ చిత్రములలో చిన్న వేషములకు దిగి, 1969లో మరణించెను. ఒక కళ మారినపుడు పాత పనివాని గతి యేమగునో తెలిసికొనుటకు మగ్గపు పనివారమైన మనకు ఇంతకు మించిన ఉదాహరణ మక్కరలేదు.

టాకీలు వచ్చిన పిమ్మట స్టంటు చిత్రములకు రాజధాని యైనది పరేలులోని లవ్‌జీ కాజిల్. అచ్చట జె. బి. హెచ్. వాడియా, ఆయన తమ్ముడు హోమీ వాడియా 1933లో వాడియా మూవీటోన్‌ను నెలకొల్పిరి. మిల్లుల పొగగొట్టముల మధ్యనే ఈ స్టూడియో ఉండుట గమనింపదగినది. పెద్ద వాడియా విద్యావంతుడు, ఎం. ఎన్. రాయ్ భావములను అభిమానించినవాడు. ఆయనకు దొరికిన రత్నము మేరీ ఎవాన్స్ అను యువతి. ఆమె 1908లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున జన్మించి, సైనికోద్యోగి యైన తండ్రితో అయిదేండ్ల ప్రాయమున బొంబాయి చేరినది. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధమున మరణించెను. వాయవ్య సరిహద్దు ప్రాంతమున గుర్రపు స్వారి నేర్చి, దుకాణమున అమ్మకపు పని చేసి, నృత్య బృందములలోను, సర్కసులోను తిరిగి, తుదకు 'నాడియా' అను పేరుతో చిత్రరంగమున అడుగిడినది.

1935లో నిర్మితమైన 'హంటర్‌వాలీ'ని కొనుటకు పంపిణీదారులు ముందుకు రాలేదు. తెల్లని స్త్రీ ముసుగు ధరించి మగవారిని కొట్టుట ఎవరు చూతురని వారి సందేహము. వాడియాలును వారి భాగస్వామి బిల్లీమోరియాయును తామే పూనుకొని గ్రాంటురోడ్డు నందలి సూపర్ సినిమాలో విడుదల చేసిరి. కామాఠీపురమునకు అది కూతవేటు దూరము. వ్యాపారులకు కలిగిన సందేహము నేల తరగతి వారికి కలుగలేదు. చిత్రము అఖండ విజయము పొందెను. నాడియా పేరిట కొరడాలు, బెల్టులు సయితము అంగళ్లలో అమ్ముడుపోయెను. ఆ వెనుక 'మిస్ ఫ్రంటియర్ మెయిల్' (1936), 'హరికేన్ హంస' (1937), 'పంజాబ్ మెయిల్' (1939), 'డైమండ్ క్వీన్' (1940) మొదలగునవి వరుసగా వచ్చెను. కదలు రైలుపై పోరాటములు, సింహముల నడుమ సంచారములు ఆమె స్వయముగా చేసినవే. పంజాబ్ కా బేటా అను గుర్రము, రోల్స్‌రాయిస్ కీ బేటీ అని పేరు పెట్టిన చిన్న ఆస్టిన్ కారు, గన్‌బోట్ అను కుక్క, వ్యాయామ వీరుడు జాన్ కావస్, ఇవియే ఆ కుటుంబము. ఈ చిత్రములలో స్త్రీ స్వాతంత్ర్యమును గూర్చి, హిందూ ముస్లిం సమైక్యమును గూర్చి పెద్ద వాడియా జొనిపిన మాటలను పండితులు పట్టించుకొనలేదు. నేల తరగతి వారు మాత్రము చప్పట్లు కొట్టిరి.

చవుక చిత్రము ఎట్లు తయారగునో కొంత తెలిసికొనవలెను. నటులు, పనివారు నెల జీతమునకు స్టూడియోలోనే ఉందురు. ఒక చిత్రమున రాజదర్బారైన రంగము రంగు మార్చుకొని మరొక చిత్రమున దొంగల గుహ యగును. అదే గుర్రము, అదే కొండ, అదే వంతెన. కథ అమెరికా నుండి వచ్చు సీరియళ్ల బాణీలో అల్లుకొనబడును. ప్రతి చిత్రము వ్యయమును మించని కొలది లాభము తెచ్చును. అట్టి లాభములు పేర్చుకొని నిర్మాతలు గొప్ప చిత్రములు తీయదలచుటయు సహజమే. వాడియాలకు జరిగినదదియే. పెద్ద వాడియా స్టంటులను వీడి కళాత్మక చిత్రముల వైపు మొగ్గి, 1941లో సాధనా బోస్ నాయికగా 'రాజనర్తకి'ని నిర్మించెను. అన్నదమ్ముల దారులు వేరయ్యెను. 1942లో హోమీ వేరుగా బసంత్ పిక్చర్స్ స్థాపించి, నాడియాతో స్టంటులనే కొనసాగించెను. లవ్‌జీ కాజిల్ శాంతారాముని వశమై రాజకమల్ కళామందిరమయ్యెను. హోమీ, నాడియాలు 1961లో వివాహమాడిరి. 1968లో, అరువదేండ్ల ప్రాయమున, ఆమె 'ఖిలాడీ' అను గూఢచారి చిత్రములో మరల పోరాటములకు దిగినది! 1993లో ఆ కుటుంబపు యువకుడు రియాద్ వాడియా ఆమెను గూర్చి డాక్యుమెంటరీ తీసిన పిదప గాని విద్యాధికులు ఆమెను తలపలేదు. 1996లో ఆమె పరమపదించినది.

నాడియా కథ సుఖాంతము. భగవాన్ దాదా కథ అట్టిది కాదు. భగవాన్ ఆభాజీ పాలవ్ 1913లో జన్మించెను. తండ్రి బట్టల మిల్లు కూలీ. తానును మొదట కూలి పని చేసినవాడే. మూగ చిత్రములలో వేషము కట్టి, 1938 నుండి తానే చవుక స్టంటు చిత్రములకు దర్శకత్వము వహింపసాగెను. ఒక దశాబ్దికి పైగా ఆయన తీసిన చిత్రములలో అధిక భాగము పరేలు, లాల్‌బాగు శ్రామికుల కొరకే తీసినవి. 1941లో తమిళమున 'వనమోహిని'ని కూడ ఆయనయే తీసెను. 1942లో 'జంగ్ ఎ ఆజాదీ' చిత్రీకరణమున ఆయన కొట్టవలసిన చెంపదెబ్బ గట్టిగా తగిలి లలితా పవార్ ఎడమ కంటికి శాశ్వతమైన దోషమేర్పడెను. ఒకప్పుడు సాహస నాయికయైన ఆమె పిమ్మట గయ్యాళి అత్తగా స్థిరపడుటకు అదియొక కారణము. స్టంటు చిత్రములలో రక్తము రంగు నీరు కావచ్చును. దెబ్బలు మాత్రము తరచు నిజమైనవే.

రాజ్ కపూర్ సలహాపై భగవాన్ ఒక సాంఘిక చిత్రమునకు పూనుకొనెను. అదియే 1951 నాటి 'అల్బేలా'. సి. రామచంద్ర సంగీతముతో, గీతా బాలీ జతతో దేశమంతయు మారుమ్రోగెను. స్థూలకాయుడైన ఆయన వేసిన తేలికపాటి అడుగులను పిన్నవారు పిమ్మట ఎందరో అనుకరించిరి. జుహూలో ఇరువదియైదు గదుల భవనము, ఏడు కార్లు సమకూడినవి. తరువాతి చిత్రములు వరుసగా నష్టములు తెచ్చినవి. భవనమును పోయెను, కార్లును పోయెను. దాదరులోని రెండు గదుల చాల్‌కు తిరిగి వచ్చి, చిత్రములలో గుంపు నడుమ నాలుగడుగులు నర్తించు చిన్న వేషములతో జీవించి, 2002 ఫిబ్రవరి 4న కన్నుమూసెను. మిల్లు కూలీ కుమారుడు చాల్ నుండి లేచి చాల్‌లోనే ఒదిగిన వృత్తాంతమిది. వీధిలో గణపతి ఊరేగింపు పోవునపుడు దాదా ఇంటి ముందర ఆగి, ఆయన పాట వాయించి ముందుకు సాగెడివారని పెద్దలు చెప్పుదురు. ధనము విడిచినను పేట విడువలేదు.

ఇక మన వాని ముచ్చట. పైడి జైరాజ్ 1909 సెప్టెంబరు 28న కరీంనగరున జన్మించెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1929లో బొంబాయి చేరెను. విఠల్ వలె ఆయనయు మూగ చిత్రములలో సాహసములు చేసినవాడే. కాని విఠల్‌కు కొరవడినది జైరాజ్‌కు సమృద్ధిగా ఉండెను. హైదరాబాదు గడ్డపై పెరిగినవాడగుటచే ఉర్దూ ఆయనకు కొత్త భాష కాదు. టాకీలు ఎందరినో ముంచినవి. ఈ తెలుగువానిని తేల్చినవి. బాంబే టాకీసు వారి 'హమారీ బాత్' (1943)లో దేవికారాణి సరసన నటించెను. 1945లో దిలీప్‌కుమార్ నాయకుడుగా 'ప్రతిమ'కు దర్శకత్వము వహించెను.

మాకు ఎక్కువ ప్రియమైనది ఆయన ఉత్తర వయస్సు. ఏబదేండ్లకు చేరువైనపుడు నాయకపాత్రలు పిన్నవారికి పోవుట చిత్రరంగమున పరిపాటి. జైరాజ్ అపుడు కవచము తొడిగెను. 'అమర్‌సింగ్ రాఠోడ్' (1957), 'టిప్పు సుల్తాన్' (1959), 'వీర్ దుర్గాదాస్' (1960), 'హైదర్ అలీ' (1962), ఇట్లు చిన్న నిర్మాతల చారిత్రక చిత్రములకు ఆయన చక్రవర్తి. మొదటి తరగతి వారు ఆ చిత్రములకు రాలేదు. నేల తరగతి నిండెను. పిమ్మట 'షోలే' (1975), 'డాన్' (1978) వంటి చిత్రములలో చిన్న పాత్రలను సయితము కాదనక ధరించెను. 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు లభించెను. 2000 ఆగస్టు 11న ముంబయిలో దివంగతుడయ్యెను. డెబ్బది సంవత్సరములు బొంబాయిలో నిలిచి, దేశములోని అత్యున్నత చలనచిత్ర గౌరవము పొందిన ఈ కరీంనగరు వానిని గూర్చి మన సంఘముల గోడలపై ఎన్ని పటములున్నవి? ఈ ప్రశ్నను ముందుగా మాకు మేమే వేసికొనుచున్నాము.

ఇట్టి వృత్తి తెలుగు చిత్రములలోను ఉండెను. ఉడిపి ప్రాంతపు కన్నడిగుడు బి. విఠలాచార్య మద్రాసు చేరి, మితవ్యయముతో జానపద చిత్రములు తీయుటలో సాటిలేని వాడయ్యెను. ఆయన 'జయవిజయ' (1959), 'గురువును మించిన శిష్యుడు' (1963), 'జ్వాలాద్వీప రహస్యం' (1965) చిత్రములకు నాయకుడు కోదాడ దగ్గరి గుడిబండ వాడైన కాంతారావు. జనులు ఆయనను కత్తి కాంతారావనిరి. ఎదురు తిరిగిన నటుని పాత్రను శాపముతో చిలుకగా మార్చి ఆచార్యులు చిత్రమును ముగించెడివారని నేటికిని చెప్పుకొందురు. ఆ కథ నిజమైనను కాకున్నను వారి పొదుపు మాత్రము నిజము. కాంతారావు 'సప్తస్వరాలు' (1969) మొదలగు సొంత చిత్రములు తీసి ఆస్తి పోగొట్టుకొని, వార్ధక్యమున చిన్న పాత్రలతో కాలము గడపి, 2009లో మరణించెను. దాదరు దాదా కథయు, గుడిబండ రాకుమారుని కథయు ఒకటియే గదా!

1960 దశకమున మల్లయోధుడు దారాసింగ్ 'కింగ్ కాంగ్' (1962), 'ఫౌలాద్' (1963)లతో ఈ హాళ్లను మరికొంత కాలము నిలిపెను. వాని పునాది కదలినది 1982లో. ఆ ఏడు జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమయ్యెను. రెండు లక్షలకు పైబడిన కార్మికులు పని విడిచిరి. అనేకులకు తిరిగి పని దొరకలేదు. మన వారు కొందరు భివండీ మరమగ్గములకు పోయిరి, కొందరు స్వగ్రామములకు మరలిరి. ఆ సంవత్సరముననే ఏషియన్ క్రీడల సందర్భమున రంగుల టెలివిజన్లు, వీడియో యంత్రములు దేశమున విరివిగా ప్రవేశించినవి. ప్రేక్షకుడు చెదరిపోవుటయు, తెర గదిలోనికి వచ్చుటయు ఒకే కాలమున జరిగెను.

సినిమా హాలు ముఖమే చూడక వీడియోకే పోవు పోరాట చిత్రములు అటుపై లోకమంతటను బయలుదేరినవి. జపానులో తోయీ సంస్థ 1989లో వీడియో కొరకే చిత్రములు తీయనారంభించెను. అమెరికాలో డాల్ఫ్ లండ్‌గ్రెన్, స్టీవెన్ సీగల్ వంటి వారు హాళ్లలో వన్నె తగ్గిన పిదప ఇట్టి చిత్రములతోనే దశాబ్దులు నడపిరి. మన దేశమున మిథున్ చక్రవర్తి 1990 దశకమున ఉదకమండలమున నివాసమేర్పరచుకొని, తన హోటలులోనే బృందములకు వసతి కల్పించి, చవుకగా, శీఘ్రముగా చిత్రములు ముగించు పద్ధతిని నెలకొల్పెను. వానిలో అనేకములకు దర్శకుడు టి. ఎల్. వి. ప్రసాద్; తెలుగు దర్శకుడు తాతినేని ప్రకాశరావు కుమారుడు. వారి 'జల్లాద్' (1995) మిథున్‌కు ఫిల్మ్‌ఫేర్ పురస్కారము తెచ్చెను. మహారాష్ట్రముననే మరమగ్గముల పట్టణమైన మాలేగావులో నాసిర్ షేక్ అనునతడు కొలది వేల రూపాయలతో 2000లో 'మాలేగావ్ కే షోలే'ను వీడియోపై తీసి స్థానికులకు చూపెను. అచ్చటి 'సూపర్‌మాన్' షఫీక్ షేక్ మగ్గపు కూలీ. 2011లో వ్యాధిగ్రస్తుడై మరణించెను. ఇచట ప్రేక్షకుడే నటుడయ్యెను.

ఈ చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు ఉన్నది. నాడు భాష తెలియని మన తాతలు హిందీ పోరాటములు చూచి ఈల వేసిరి. నేడు హిందీ రాష్ట్రముల నుండి వచ్చిన కూలీలు హిందీలోనికి డబ్బింగు చేసిన తెలుగు పోరాట చిత్రములను చేతి ఫోనులలో చూచి అలసట తీర్చుకొనుచున్నారు. వారిని చూచి మన పిల్లలు కొందరు నవ్వుదురు. నవ్వవలదని వారికి చెప్పుట మన విధి. ఆ కూర్చున్నవాడు నిన్నటి మన తాతయే.

మన దేశమున నిర్మితమైన పదమూడు వందలకు పైబడిన మూగ చిత్రములలో నేటికి మిగిలినవి మిక్కిలి కొలది. 1964లో పూనాలో జాతీయ ఫిలిం ఆర్కైవు స్థాపితమగు నాటికే అధిక భాగము నశించెను. చవుక చిత్రములను భద్రపరచవలెనని తలచినవారు మరింత అరుదు. రీళ్లను మనము రక్షింపలేము, జ్ఞాపకములను రక్షింపవచ్చును. కామాఠీపురమునను, వర్లీలోను, షోలాపురమునను, భివండీలోను ఇంకను కొందరు వృద్ధులు ఉన్నారు. వారు ఏ హాలులో ఏ చిత్రము చూచిరో, టిక్కెట్టు ఎంతయో, ఎవరితో కలిసి పోయిరో, ఏ దెబ్బకు లేచి నిలిచిరో అడిగి వ్రాసి పెట్టుటకు ధనమక్కరలేదు. ఒక సాయంకాలము చాలును. మా అవ్వను మేము అడుగలేదు. ఆమెకు ఆ హంటరు దొరసానిలో ఏమి కనబడినదో మాకు తెలియకయే పోయెను. ఈ సంచిక చదువువారికి ఆ విచారము కలుగకుండుగాక.